బ్లాక్ పౌడర్ రివాల్వర్‌కు ఫ్లాస్క్ ఎంచుకునేటప్పుడు ముందు చూడవలసింది దాని గొట్టాన్ని

మీరు అడిగినవి ఇవి: టెక్సస్‌లో ఉంటున్నారు, ఈమధ్యే ఇటలీలో పియెట్టా కంపెనీ తయారుచేసిన 1858 రెమింగ్టన్ నమూనా .44 క్యాలిబర్ (బోరు సైజు) రివాల్వర్ కొన్నారు, త్వరలో 1851 కోల్ట్ నేవీ నమూనా .36 కూడా తీసుకునే ఆలోచనలో ఉన్నారు. ఈ రెండింటికీ ఒకే పౌడర్ ఫ్లాస్క్ (తుపాకిమందు నింపుకుని, కొలిచి పోసుకునే సీసాలాంటి డబ్బా) సరిపోతుందా, ఎంత పరిమాణంలోది కొనాలి, మీద గద్ద బొమ్మ అచ్చొత్తిన పాతకాలపు నమూనాలు పనికి నిలుస్తాయా అన్నవి మీ సందేహాలు. వాటితోపాటు, సంక్రాంతికి విజయవాడ వెళ్లేటప్పుడు నాన్నగారి గదిలో అలంకారంగా పెట్టడానికి ఒక ఫ్లాస్క్ తీసుకువెళ్లవచ్చా అని కూడా అడిగారు. నేను పదిహేనేళ్లుగా ఈ రకం రివాల్వర్లతో కాలుస్తున్నాను, ఆరు ఫ్లాస్క్‌లు కొన్నాను, వాటిలో రెండింటినే వాడుతున్నాను. మిగిలిన నాలుగూ ఎందుకు మూలపడ్డాయో చెబితే మీ ప్రశ్నలకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

ముందుగా క్లుప్తంగా చెబుతాను. ఫ్లాస్క్ ఒకటి చాలు, కానీ దానికి గొట్టాలు రెండు కావాలి. పరిమాణం నాలుగు ఔన్సులకు మించనవసరం లేదు. గద్ద బొమ్మ ఉన్నా నష్టం లేదు, లేకపోయినా లోటు లేదు. ఫ్లాస్క్ అనగానే అందరి చూపూ దాని పొట్ట మీదికే పోతుంది గాని, అది ఉత్త సంచి లాంటిది. పని చేసేది పైనున్న మూత, ఆ మూతలోని తలుపు, దాన్ని కదిలించే మీట, అన్నిటికంటే ముఖ్యంగా చివరనున్న గొట్టం. మీరు డబ్బు పెడుతున్నది ఈ నాలుగింటికే అనుకుని చూడండి, ఎంపిక తేలికవుతుంది.

మాట గురించి ఒక్క విషయం చెప్పి ముందుకు వెళతాను. ఫ్లాస్క్‌లో పోసే బ్లాక్ పౌడర్‌ను మన వాళ్లు కొందరు మాటకు మాట అనువదించి 'నల్లమందు' అని రాస్తున్నారు. తెలుగులో నల్లమందు అంటే అభిని, అంటే మత్తుమందు. కాబట్టి తుపాకిమందు అనో బ్లాక్ పౌడర్ అనో అనడమే సరి. నేనిక్కడ మందు అన్నచోటల్లా మీ డబ్బా మీద త్రీఎఫ్ (గింజ ఎంత సన్ననిదో చెప్పే గుర్తు) అని రాసి ఉన్న అసలైన బ్లాక్ పౌడర్ అనే అర్థం చేసుకోండి. ఈనాటి తూటాల్లో వాడే పొగరాని మందును ఈ రివాల్వర్లలో చిటికెడు కూడా వాడకూడదు. సిలిండర్ (మందూ గుండూ నింపే, తిరిగే భాగం) పగిలి వేళ్లు పోయే ప్రమాదం అక్కడే ఉంది. ఆ మందు డబ్బా, ఈ ఫ్లాస్క్ ఒకే బల్ల మీదికి ఎప్పుడూ రాకుండా చూసుకోండి.

ఇక కొలత సంగతి. ఈ వ్యవహారమంతా గ్రెయిన్లలో నడుస్తుంది. ఒక పౌనుకు 7000 గ్రెయిన్లు, ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే పాత తులం, అంటే 11.66 గ్రాముల తులం, సరిగ్గా 180 గ్రెయిన్లు. అంటే 30 గ్రెయిన్ల మందు తులంలో ఆరో వంతు. కంసాలి త్రాసు మీద బంగారాన్ని తూచే స్థాయి పని ఇదని దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది. మీ .44 రెమింగ్టన్ ఉక్కు చట్రంతో చేసినదైతే 22 నుంచి 30 గ్రెయిన్ల మధ్య హాయిగా పనిచేస్తుంది, గురి బాగా కుదిరేది తరచుగా 25 దగ్గర. .36 నేవీకి 15 నుంచి 22 వరకు వాడుక. ఇత్తడి చట్రం ఉన్న నమూనా అయితే ఈ అంకెల్లో కింది కొసనే పట్టుకోవాలి, ఎందుకంటే బరువైన మోతాదులకు ఇత్తడి క్రమంగా సాగి, సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు పెరుగుతుంది. మీ రివాల్వర్‌తో వచ్చిన చేతిపుస్తకంలో తయారీదారు ఇచ్చిన గరిష్ఠ పరిమితి ఏదైతే ఉందో, దానిని నా మాటకంటే, ఎవరి మాటకంటే కూడా పై మాటగా తీసుకోండి.

ఈ మోతాదును కొలిచేది గొట్టమే. అది ఎలా కొలుస్తుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. ఫ్లాస్క్‌ను కుడిచేతిలో పట్టుకుని, ఎడమచేతి చూపుడువేలితో గొట్టం మూతిని మూసి, తలకిందులు చేస్తారు. బొటనవేలితో మీట నొక్కితే మూతలోని తలుపు పక్కకు జరిగి మందు గొట్టంలోకి జారుతుంది. ఒక్క క్షణం ఆగి, మీట వదిలితే తలుపు మూసుకుంటుంది. ఇప్పుడు ఫ్లాస్క్‌ను నిలబెట్టి వేలు తీస్తే, తలుపుకూ గొట్టం మూతికీ మధ్య ఎంత చోటుందో అంత మందు మీ ముందు ఉంటుంది. కొలిచేది బరువును కాదు, ఆ చోటును. పొట్ట ఎంత పెద్దదైనా, ఎంత చిన్నదైనా ఈ లెక్క మారదు.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. కొలత మొదలయ్యేది గొట్టం అడుగున కాదు, తలుపు దగ్గర. తలుపుకూ గొట్టం మర మొదలయ్యే చోటుకూ మధ్య మూతలో చిన్న మెడ ఉంటుంది, ఆ మెడలో పట్టే మందు కూడా మోతాదులో భాగమే. అందుకని ఒక ఫ్లాస్క్ మీద 25 గ్రెయిన్లు ఇచ్చిన గొట్టాన్ని తీసి వేరే ఫ్లాస్క్‌కు బిగిస్తే, అదే 25 వస్తుందన్న హామీ లేదు. పైగా అన్ని కంపెనీల మరచుట్లు ఒకటి కావు. గొట్టం రెండు చుట్లు తిరిగి ఆగిపోయిందంటే బలవంతం చేయకండి, అది మీ మూతకు చేసినది కాదు. రెండు రివాల్వర్లకు ఒకే ఫ్లాస్క్ అనుకుంటున్నారు కాబట్టి, ఫ్లాస్క్ కొన్న చోటే, ఆ కంపెనీ గొట్టాలే రెండు ఒకేసారి కొనమని అందుకే చెబుతున్నాను. ఆరునెలల తరువాత వెతికితే అదే నమూనా దొరకకపోవచ్చు.

గొట్టం మీద అచ్చొత్తిన అంకెను నమ్మవద్దు. నా మొదటి ఫ్లాస్క్‌తో వచ్చిన గొట్టం మీద స్పష్టంగా 30 అని ఉండేది. నేనూ అమాయకంగా 30 అనే అనుకుని మొదటి రోజు సిలిండర్‌లోని ఆరు ఛాంబర్లలో (గదుల్లో) ఐదు నింపి, మందు మీద జిడ్డు పట్టించిన ఫెల్ట్ బిళ్ల వేసి, దాని మీద సీసపు గుండు పెట్టి లోడింగ్ లివర్‌తో (బ్యారెల్ కింద ఉండే నొక్కుడు మీటతో) దిగగొట్టాను. నాలుగో గుండు సిలిండర్ ముఖానికి జుట్టుపోగంత బయటే నిలిచిపోయింది. సిలిండర్ తిప్పబోతే ఆ గుండు చట్రానికి తగిలి బిగుసుకుంది. రేంజ్‌లో (కాల్పుల మైదానంలో) పెద్దాయన ఒకరు వచ్చి, క్యాప్‌లు (సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న టోపీలు) ఇంకా పెట్టలేదు కదా అని రూఢి చేసుకుని, ఆ ఛాంబర్‌ను మళ్లీ లివర్ కిందికి తెచ్చి, మెల్లగా బలంగా నొక్కితే గాని గుండు లోపలికి దిగలేదు. ఆ రాత్రి ఇంట్లో గొట్టాన్ని పదిసార్లు నింపి తూచాను. సగటున 34 గ్రెయిన్లు వచ్చాయి. నాలుగు గ్రెయిన్లే గదా అనిపించవచ్చు గాని, ఫెల్ట్ బిళ్ల కూడా ఉన్న ఛాంబర్‌లో ఆ నాలుగు గ్రెయిన్లకు చోటు లేదు.

కాబట్టి కొత్త గొట్టం రాగానే చేయవలసిన మొదటి పని దాన్ని తూచడం. గ్రెయిన్లలో చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు తీసుకోండి. ఒక్కసారి తూచి వదిలేయకండి. పదిసార్లు నింపి, పదింటినీ ఒకే గిన్నెలో పోసి, మొత్తాన్ని పదితో భాగించండి. తరువాత మరో ఐదుసార్లు విడివిడిగా తూచి, ఒకదానికీ మరొకదానికీ ఎంత తేడా వస్తోందో చూడండి. ఒక గ్రెయిన్ అటూ ఇటూ అయితే అది మంచి ఫ్లాస్క్, మీ చేతి అలవాటు కూడా కుదిరిందన్నమాట. మూడు నాలుగు గ్రెయిన్ల తేడా వస్తుంటే తప్పు సాధారణంగా రెండుచోట్ల ఉంటుంది: తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదు, లేదా మీరు గొట్టం మూతిని ప్రతిసారీ ఒకే తీరుగా మూయడం లేదు. వేలి కండ గొట్టంలోకి ఉబ్బితే ఆ మేరకు మందు తగ్గుతుంది. మెత్తని బొటనవేలితో ఒకసారి, గట్టి చూపుడువేలితో ఒకసారి మూస్తే కొలత మారుతుంది. ఒకే వేలు, ఒకే ఒత్తిడి, తలకిందులు చేశాక గొట్టాన్ని గోటితో ఒక్కసారి తట్టడం, ఇది అలవాటు చేసుకోండి. తట్టడం మానేసినా ఫరవాలేదు, కానీ ఒకసారి తట్టి ఇంకోసారి మానకూడదు.

గొట్టం ఎక్కువ పోస్తుంటే దానిని మీరే తగ్గించుకోవచ్చు. లెక్క ఇలా ఉంటుంది. గొట్టంలో వదులుగా పడిన త్రీఎఫ్ మందు ఒక ఘన సెంటీమీటరుకు ఇంచుమించు ఒక గ్రాము తూగుతుంది. గొట్టం లోపలి వ్యాసం 7 మిల్లీమీటర్లు అనుకుంటే, 25 గ్రెయిన్లకు తలుపు నుంచి మూతి దాకా 42 మిల్లీమీటర్లు, 20 గ్రెయిన్లకు 34 మిల్లీమీటర్లు కావాలి. అంటే పొడవులో ఒక గ్రెయిన్‌కు ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు. సన్నని ఆకురాయితో ఒక మిల్లీమీటరు చొప్పున అరగదీస్తూ, ప్రతిసారీ తూస్తూ పోతే మీకు కావలసిన అంకె దగ్గర ఆగవచ్చు. ఈ పని చేసేటప్పుడు గొట్టాన్ని ఫ్లాస్క్ నుంచి విప్పి, మందు లేని గదిలో చేయాలని వేరే చెప్పనక్కరలేదు. అరగదీశాక మూతి లోపల లేచిన ఇత్తడి పొరను చాకు మొనతో తీసేయండి, లేకపోతే మందు గింజలు అక్కడ పట్టుకుని సగంలోనే ఆగుతాయి. తక్కువ పోసే గొట్టాన్ని మాత్రం పెంచే ఉపాయం సులువుగా లేదు. అందుకే అనుమానంగా ఉన్నప్పుడు కాస్త పొడవైన గొట్టాన్నే కొనమంటాను. .44కు 30 అని ముద్ర ఉన్నది, .36కు 20 లేదా 22 అని ముద్ర ఉన్నది తెచ్చుకుని, తూచి, అవసరమైతే తగ్గించుకోండి. రెండు గొట్టాలు చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి, ఒకదాని మెడకు ఎర్ర టేపు చుట్టండి. పొరబాటున 25 గ్రెయిన్ల గొట్టంతో .36 నింపే పరిస్థితి రాకూడదు.

బరువును కాక చోటును కొలుస్తున్నామని చెప్పాను కదా, అందుకే మందు మారిస్తే మళ్లీ తూచాలి. స్విస్ కంపెనీ మందు గోఎక్స్ కంపెనీ మందు కంటే దట్టంగా ఉంటుంది, అదే గొట్టంలో ఎక్కువ బరువు పడుతుంది, బలం కూడా ఎక్కువే. పైరోడెక్స్ వంటి ప్రత్యామ్నాయాలు బ్లాక్ పౌడర్ కంటే తేలిక. వాటిని తూచి కాదు, బ్లాక్ పౌడర్‌కు పెట్టిన గొట్టం కొలతతోనే పోయాలి. మరో ప్రత్యామ్నాయమైన ట్రిపుల్ సెవెన్ బలం ఎక్కువ, బ్లాక్ పౌడర్ ఇచ్చే వేగమే కావాలంటే కొలతలో 15 శాతం తగ్గించమని దాన్ని తయారుచేసేవారే చెబుతారు. ఒక ఫ్లాస్క్‌లో ఒకే మందు పోయండి. ఏది పోశారో కాగితం మీద రాసి అడుగున అంటించండి.

ఇప్పుడు తలుపు, మీట. కొనేముందు చేతిలోకి తీసుకుని చూసే అవకాశం ఉంటే, మీటను ఇరవై ముప్పైసార్లు నొక్కి వదలండి. స్ప్రింగ్ బిగువుగా ఉండాలి. వదలగానే తలుపు టక్కున, చివరిదాకా మూసుకోవాలి. బద్దకంగా మూసుకునే తలుపు సందులో ఒక్క మందు గింజ చిక్కినా సగం తెరుచుకునే ఉండిపోతుంది. ఫ్లాస్క్‌ను నిలబెట్టినప్పుడు అది కనిపించదు, తరువాతిసారి తలకిందులు చేసేటప్పుడు మీట నొక్కకముందే మందు జారడం మొదలవుతుంది. నేను పక్కన పెట్టిన నాలుగింటిలో రెండింటి జబ్బు ఇదే. మరొకదానిలో పొట్ట రెండు సగాలను కలిపిన అతుకు దగ్గర సూది మొనంత చిల్లి ఉండి, చొక్కా జేబులో నల్లని గీత గీసింది.

ఈ రెండు లోపాలనూ మందు పోయకుండానే పట్టుకోవచ్చు. త్రీఎఫ్ మందు గింజలు దాదాపు మన బొంబాయి రవ్వంత ఉంటాయి. కొత్త ఫ్లాస్క్‌లో గుప్పెడు పొడి రవ్వ పోసి, నల్లని బట్ట మీద పావుగంట కదుపుతూ, తలకిందులు చేస్తూ, మీట నొక్కుతూ వదులుతూ ఉండండి. చిల్లి ఉన్నా, తలుపు సరిగా మూయకపోయినా బట్ట మీద తెల్లగా తెలుస్తుంది. వేలు మూసి, నింపి, వదిలే అలవాటును కూడా ఈ రవ్వతోనే నేర్చుకోండి, ఒక సాయంత్రం చాలు. పని అయ్యాక రవ్వ పూర్తిగా దులిపి, మూత విప్పి లోపల మెత్తని కుంచెతో తుడవండి. మూతలోని తలుపు సందుల్లో రవ్వ మిగిలితే చెమ్మ పట్టి అక్కడే గట్టిపడుతుంది.

రవ్వ ప్రస్తావన వచ్చింది కాబట్టి మరొక ఉపయోగం చెబుతాను. 20 గ్రెయిన్ల వంటి తేలిక మోతాదు వాడినప్పుడు .44 ఛాంబర్‌లో మందుకూ గుండుకూ మధ్య ఖాళీ మిగిలే అవకాశం ఉంది, అలా మిగలకూడదు. గుండు ఎప్పుడూ కింద ఉన్నదాని మీద గట్టిగా కూర్చోవాలి. ఇక్కడి కాల్పులవాళ్లు ఆ ఖాళీని క్రీమ్ ఆఫ్ వీట్ అనే రవ్వతోనో మొక్కజొన్న పిండితోనో నింపుతారు. మన ఉప్మా రవ్వ ఆ పనికి చక్కగా సరిపోతుంది. దానివల్ల గుండు ఛాంబర్ మూతికి దగ్గరగా కూర్చుని గురి మెరుగవుతుంది. రవ్వకు వేరే చిన్న గరిటె పెట్టుకోండి. మందు ఫ్లాస్క్‌కు అతి దగ్గరి పోలిక ఉన్న మరో ఫ్లాస్క్‌లో రవ్వ పోసుకునేవాళ్లను చూశాను, అది పొరబాటుకు దారి.

పరిమాణం గురించి ఎక్కువ ఆలోచించకండి. నాలుగు ఔన్సులంటే 1750 గ్రెయిన్లు. 25 గ్రెయిన్ల చొప్పున 70 గుండ్లకు సరిపోతుంది. మీది లాంటి క్యాప్ అండ్ బాల్ రివాల్వర్‌ను (మందు, గుండు, క్యాప్ విడివిడిగా పెట్టేదాన్ని) ముప్పై నలభై గుండ్లు కాల్చేసరికి మసి పేరుకుని సిలిండర్ బరువుగా తిరగడం మొదలవుతుంది, ఒక పూటకు అంతకంటే అవసరం ఉండదు. ఎనిమిది ఔన్సుల ఫ్లాస్క్‌లు వాకర్, డ్రాగూన్ వంటి భారీ రివాల్వర్ల పేరుతో అమ్ముతారు. 1847 నాటి కోల్ట్ వాకర్ ఒక్కో ఛాంబర్ 60 గ్రెయిన్ల దాకా పట్టేది. కొన్నిటి సిలిండర్లు పగిలాయి కూడా, తరువాత వచ్చిన డ్రాగూన్‌లో ఆ ఛాంబర్‌ను తగ్గించారు. అంతటి తుపాకికి చేసిన ఫ్లాస్క్ మీకు పనికిరాదు. దాని గొట్టం మీ రెమింగ్టన్‌కు రెట్టింపు పోస్తుంది. పైగా అర పౌను మందును చేతిలో పట్టుకుని తిరగవలసిన అవసరం ఎవరికీ లేదు.

ఈ చివరి వాక్యం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్న విషయం ఇదే. ఫ్లాస్క్ గొట్టాన్ని నేరుగా సిలిండర్ ఛాంబర్‌లోకి వంచి మందు పోయడం మీరు వీడియోల్లో చూసి ఉంటారు. చాలామంది అలాగే చేస్తారు, ఏళ్ల తరబడి ఏమీ జరగదు కూడా. అయినా వద్దని చెబుతున్నాను. అప్పుడే కాల్చిన ఛాంబర్ అడుగున ఫెల్ట్ తునకో మసి ముద్దో ఇంకా నిప్పు రాజుకుంటూ ఉండవచ్చు. దాని మీద 25 గ్రెయిన్లు పడి అంటుకుంటే వేళ్లు కాలతాయి. ఆ సమయంలో పైన ఫ్లాస్క్ ఉండి, తలుపులో గింజ చిక్కి సందు ఉంటే, అంటుకునేది 25 గ్రెయిన్లు కాదు, ఆ పొట్టలో మిగిలిన మొత్తం. రాగి రేకుతో మూసిన పావు పౌను మందు మీ పిడికిట్లో ఉంటుంది. ఆ తలుపు మందు జారకుండా ఆపడానికి చేసినది, మంటను ఆపడానికి చేసినది కాదు.

అందువల్ల నేను ఫ్లాస్క్‌ను ఇంట్లోనే వాడతాను. ముందురోజు సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని, దగ్గరలో మంటగానీ పొయ్యిగానీ లేకుండా చూసుకుని, ఫ్లాస్క్ గొట్టంతో ముప్పై ఆరు చిన్న మూత గొట్టాలు నింపుకుంటాను. ఒక్కోదానిలో ఒక్క మోతాదు. రేంజ్‌కు ఆ గొట్టాల పెట్టె మాత్రమే వెళుతుంది. పోటీల్లో చాలాచోట్ల నియమం కూడా ఇదే, కాల్చే వరుసలోకి ఫ్లాస్క్‌ను రానివ్వరు. ఫ్లాస్క్‌ను రేంజ్‌కు తీసుకువెళ్లే ఆనందమే వేరని మీరు అంటే, అందులో తప్పు లేదు. అలాంటప్పుడు గొట్టంతో కొలిచిన మందును ముందు ఒక చిన్న ఇత్తడి గిన్నెలో పోయండి, ఫ్లాస్క్‌ను మూసి వెనుక పెట్టెలో పెట్టండి, ఆ తరువాతే గిన్నెలోని మందును ఛాంబర్‌లో పోయండి. పక్కవారి రివాల్వర్ నుంచి రాలే నిప్పురవ్వలు మీ బల్ల మీది ఫ్లాస్క్ దాకా రాగలవు. ఛాంబర్లు నింపేటప్పుడు నిపుల్స్ (సిలిండర్ వెనుక క్యాప్‌లు తొడిగే చిన్న మొనలు) మీద క్యాప్‌లు ఉండకూడదు, అవి చివరి పని. నింపేది ఐదు ఛాంబర్లే, సుత్తి ఖాళీ ఛాంబర్ మీద విశ్రమించాలి. మీ రెమింగ్టన్‌లో ఛాంబర్ల మధ్య సుత్తి ఆనే గాడులు ఉంటాయి గాని, మొదటి ఏడాది ఐదుతోనే ఉండండి.

లోహం విషయానికి వస్తే రాగి, ఇత్తడి, జింకు అన్నీ మంచివే. దెబ్బ తగిలినప్పుడు ఇనుములా నిప్పురవ్వ రాల్చవు కాబట్టే పూర్వం నుంచీ వాటితో చేస్తున్నారు. పారదర్శకమైన స్తంభాకారపు ఆధునిక నమూనాలూ ఉన్నాయి. ఎంత మందు మిగిలిందో కనబడటం వాటి గుణం. నేను ఇప్పుడు వాడుతున్న రెండింటిలో ఒకటి సాదా ఇత్తడి స్తంభం, ఏ బొమ్మా లేదు. దాని మూత మొత్తం విప్పుకుని వస్తుంది కాబట్టి నింపడం తేలిక. పాత నమూనాల్లో మూతను చిన్న మరలతో పొట్టకు బిగించేస్తారు. వాటిని గొట్టం విప్పి, మీట నొక్కి పట్టుకుని, గరాటుతో కొద్దికొద్దిగా నింపాలి. ఖాళీ చేయడం కూడా అంతే ఓపిక పని. కాల్చడం అయ్యాక మిగిలిన మందును ఫ్లాస్క్‌లో ఉంచకుండా అసలు డబ్బాలోకి తిరిగి పోయాలి కాబట్టి, మూత విప్పగలిగే నమూనానే మీకు చెబుతాను. నెలల తరబడి మందు ఉన్న రాగి ఫ్లాస్క్ లోపల పచ్చని చిలుము పట్టి, తలుపు బిగుసుకుపోవడం చూశాను. లోపల నూనె మాత్రం రాయకండి, నూనె తగిలిన మందు సరిగా అంటుకోదు.

గద్ద, జెండాలు, అడ్డంగా పెట్టిన పిస్తోళ్లు అచ్చొత్తిన నమూనాల మీద మీకున్న ఇష్టం నాకు అర్థమవుతుంది. కోల్ట్ పెట్టెల్లో రివాల్వర్ పక్కన అలాంటి ఫ్లాస్క్, గుండ్లు పోసే అచ్చు అమర్చి అమ్మేవారు. అంతకుముందు, 1836 తరువాత వచ్చిన ఐదు గుండ్ల ప్యాటర్సన్ రివాల్వర్‌కు చేసిన ఫ్లాస్క్ ఇంకా చిత్రమైనది. దానికి ఐదు గొట్టాలు ఉండి, సిలిండర్‌ను ఊడదీసి పెడితే ఐదు ఛాంబర్లూ ఒకేసారి నిండేవి. ఫ్లాస్క్ అంటే గొట్టమేనని ఆనాటి పనివాళ్లకూ తెలుసుననడానికి ఇంతకంటే ఏం కావాలి! అమెరికా అంతర్యుద్ధ కాలపు సైనికులు మాత్రం ఎక్కువగా ఫ్లాస్క్‌లు కాదు, మందూ గుండూ కలిపి చుట్టిన కాగితపు తూటాలే వాడారు. కొత్తగా చేసిన నకలు నమూనా అయితే పైన చెప్పిన పరీక్షలు దాటితే నిశ్చింతగా వాడండి. షెఫీల్డ్‌లోని జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్, వాటర్‌బరీలోని అమెరికన్ ఫ్లాస్క్ అండ్ క్యాప్ కంపెనీ వంటివారి అసలు పాత ఫ్లాస్క్ దొరికితే దాన్ని వాడుకకు దించకండి. నూట యాభై ఏళ్ల నాటి అతుకునూ స్ప్రింగ్‌నూ నమ్మి మందు పోయడం ఆ వస్తువుకూ మంచిది కాదు, మీకూ మంచిది కాదు.

ఇక విజయవాడకు తీసుకువెళ్లే సంగతి. ఎన్నడూ మందు పోయని కొత్త ఫ్లాస్క్‌ను మాత్రమే తీసుకువెళ్లండి, కొన్న రసీదు వెంట ఉంచుకోండి. విమానాశ్రయాల్లో సంచులను తుడిచి చూసే యంత్రాలు పేలుడు పదార్థాల జాడ కోసమే వెతుకుతాయి. ఒకసారి మందు పోసిన ఫ్లాస్క్‌ను ఎంత కడిగినా అతుకుల్లో జాడ ఉండదని నేను పూచీ పడలేను. మందునూ క్యాప్‌లనూ చేతిసంచిలోగానీ, కింద వేసే సామానులోగానీ విమానంలో తీసుకువెళ్లడం నిషిద్ధం. రివాల్వర్ సంగతి అసలు తలపెట్టకండి. ఇక్కడ ఫెడరల్ చట్టం ఈ నకలు రివాల్వర్లను పురాతన ఆయుధాల లెక్కలో వదిలేసినా, మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా అది నేరం. అసలు పాత ఫ్లాస్క్‌ను తీసుకువెళితే మరొక చిక్కు ఉంది: వందేళ్లు దాటిన వస్తువులను దేశం నుంచి బయటికి పంపడాన్ని 1972 పురావస్తు చట్టం కట్టడి చేస్తుంది, కాబట్టి ఒకసారి ఇంటికి చేరినది మళ్లీ మీ వెంట టెక్సస్ రావడం కష్టమవుతుంది. గద్ద బొమ్మ ఉన్న కొత్త నకలు ఒకటి ఎంచుకోండి. నాన్నగారి బల్ల మీద అది అందంగానే ఉంటుంది, దాని గొట్టం ఎన్ని గ్రెయిన్లు పోస్తుందో అక్కడ ఎవరూ తూచరు.